పడిన చోటే పడే రాయి

మా ఆయన పేరు మునిచంద్ర. కొండ మీదికి టాక్సీ నడిపేవాడు. తిరుపతిలో కొండ అంటే ఏ కొండ అని ఎవరూ అడగరు. పెళ్ళిచూపుల రోజు మా నాయన, "పిల్లోడు ఏం చేస్తాడప్పా?" అని అడిగితే, వాళ్ళ మేనమామ, "దినామూ దేవుని కాడికి పోయొస్తాడు" అన్నాడు. గొప్ప భక్తుడు అల్లుడుగా వస్తున్నాడని మా అమ్మ మురిసిపోయింది. పెళ్ళయ్యాక తెలిసింది, ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం తప్ప ఆయన గుడి ముఖం చూసేది ఎప్పుడో ఒకసారని.

కొండ దారిలో బండి నడిపేవాడికి తొందర పనికిరాదు. కొండ కింద అలిపిరిలో బయలుదేరినవాడు పైకి ఇంత సేపటికి ముందు చేరకూడదని లెక్క ఉంది. ముందే చేరితే వేగంగా వచ్చావని పట్టుకుంటారు. కొత్త కుర్రాళ్ళు మలుపుల్లో దూసుకుపోయి, గేటు ఇవతల బండి ఆపి, సమయం అయ్యేదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారు. మా ఆయన ఎన్నడూ అలా ఆగలేదు. ఇంట్లోనూ అంతే. నేనొకటి అడిగితే, ఆ జవాబు మలుపులన్నీ తిరిగి బయటికి వచ్చేసరికి నా కోపం చల్లారిపోయేది. నాది ఆ గుణం కాదు. నేను రేణిగుంట వైపు ఫోన్ల విడిభాగాల ఫ్యాక్టరీలో లైను మీద పనిచేస్తాను. నా చేయి ఆగితే నా పక్కనున్న అమ్మాయి చేయి ఆగుతుంది. తొందర నా రక్తంలోకి ఎక్కిపోయింది.

పోయిన ఏడాది కార్తీకంలో తుఫాను వాన పట్టుకుంది. పైన స్టాండులో ఒక పద్ధతి ఉంది. ఏ వరసలో ఎక్కి వచ్చారో ఆ వరసలోనే దిగే బేరం ఇస్తారు. దాన్ని టర్ను అంటారు. టర్ను కోసం చొక్కాలు పట్టుకున్నవాళ్ళున్నారు, టర్ను తప్పించాడని పెళ్ళికి పిలవనివాళ్ళున్నారు. ఆ రోజు టర్ను మా ఆయనది. టీ తాగుతుంటే పెంచలయ్యన్న వచ్చాడు. మా ఆయన కంటే పెద్దవాడు, ఘాటు రోడ్డు మీద ఈయనకు బండి నేర్పినవాడు.

"మునిచంద్రా, నీ టర్ను నాకియ్యప్పా. బిరీన దిగాల."

మా ఆయన గ్లాసు చేతిలో ఉండగానే పొమ్మని తల ఊపాడు. అంత తొందర ఎందుకని అడగలేదు. కాసేపటికి పెంచలయ్యన్న టర్నులో ఈయన బయలుదేరాడు. సగం దారిలో బండ్లు ఆగి ఉన్నాయి. వానకు నాని పైనుంచి జారిన బండరాయి పెంచలయ్యన్న కారు మీద పడింది. డ్రైవరు కూర్చునే వైపే పడింది. వెనక కూర్చున్న యాత్రికులు గీరుడు గాయాలతో దిగి రోడ్డు మీద వణుకుతూ నిలబడి ఉన్నారట. ఇదంతా ఆయన నాకు ఒకేసారి చెప్పలేదు. రోజుకొక ముక్క చొప్పున చెప్పాడు.

దహనం నుంచి వచ్చి, పెరట్లో తలకు పోసుకుని, తడి గుడ్డలతోనే, "ఇంక ఏడాది కొండెక్కను" అన్నాడు.

మా వైపు ఇంట్లో మనిషి పోతే ఆ ఇంటివాళ్ళు, దాయాదులు ఏడాది పాటు కొండ ఎక్కరు. ఏటి సూతకం అంటారు. అది రక్తం పంచుకున్నవాళ్ళకు. మాకూ పెంచలయ్యన్నకూ ఇంటిపేరు కలవదు, చుట్టరికం లేదు. "మనకేం సూతకమయ్యా?" అన్నాను. "నాకుండాది" అన్నాడు. స్టాండులోనూ అదే మాట చెప్పాడు. ఇంకేదైనా కారణం చెప్పి ఉంటే నాలుగు రోజులు బతిమాలి, అయిదో రోజు లాక్కుపోయి ఉండేవాళ్ళు. సూతకం అనేసరికి నోళ్ళు మూసుకున్నారు. దేవుడితో పెట్టుకునేది ఎవరు? ఏడాది వరకూ ఆయన స్థానం అలాగే ఉంటుందన్నారు. ఆయన రేణిగుంట విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి బేరాలు తోలడం మొదలుపెట్టాడు. ఎవరైనా కొండకు రమ్మంటే, ఇంకో బండి చూపించి పక్కకు తప్పుకునేవాడు.

కర్మల రోజు కూడా పెంచలయ్యన్న ఇంటికి పోలేదు. ఆ వీధి మొగ వరకూ పోయి తిరిగి వచ్చాడు. పెంచలయ్యన్న భార్య సిద్ధమ్మక్క ముఖం చూడలేకపోయాడు. నేనొక్కదాన్నే పోయి వచ్చాను.

ఏడిస్తే బాగుండునని చూశాను. ఏడవలేదు. తాగి వచ్చినా బాగుండు, తిట్టడానికి నాకొక దారి ఉండేది. అదీ లేదు. పెడితే తినేవాడు, ఉప్పు వేయడం మరిచిపోయినా తినేవాడు. ఒకరోజు కావాలనే పులుసులో ఉప్పు వేయకుండా పెట్టాను. తిని చేయి కడుక్కున్నాడు. నేను అరిచిన అరుపులన్నీ దున్నపోతు మీద వాన. నాకే విసుగొచ్చి అరవడం మానేశాను. మానేశాక ఇల్లు ఇంకా అధ్వానంగా తయారైంది. ఇద్దరం రెండు రాతి స్తంభాల మాదిరి ఇంట్లో నిలబడి ఉన్నాం.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం అటక దులిపాను. పాత సామాన్లవాడికి వేయడానికి తీసిన వాటిలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో పెళ్ళికి ముందు ఆయన కొనుక్కున్న టీవీ గేము. పసుపుపచ్చగా మారిన డబ్బా, రెండు రిమోట్లు, ఒకే ఒక్క క్యాసెట్. దాని మీద చైనా అక్షరాలు. "ఇది కూడా వేసేస్తున్నా" అన్నాను. ఆయన వచ్చి నా చేతిలోంచి పెట్టె తీసుకున్నాడు. నెలల తర్వాత ఆ మనిషి ఒక వస్తువు కోసం చేయి చాపడం అదే మొదటిసారి. అందుకని ఊరుకున్నాను.

క్యాసెట్‌ను నోటితో ఊదాడు. పెట్టాడు, రాలేదు. తీసి మళ్ళీ ఊదాడు. టీవీలో గీతలు వచ్చి, తర్వాత ఒక బొమ్మ నిలబడింది. తలకు తువ్వాలు చుట్టుకున్న బుడ్డోడు, నా బొటనవేలంత లేడు. వాడు కుడివైపుకు నడవాలి. గుంతలు దూకాలి. అడవి, తర్వాత కొండ, తర్వాత గుహ, తర్వాత తాళ్ళ వంతెన, చివర కోట. గబ్బిలాలు వస్తాయి, ముళ్ళు లేస్తాయి, కొండ మీద పైనుంచి రాళ్ళు పడతాయి. మూడు ప్రాణాలు ఉంటాయి. మూడూ పోతే మొదటి గుంత దగ్గరికి రావాల్సిందే. కోట గుమ్మం దాకా పోయి చచ్చినా అంతే. మధ్యలో దాచుకునేది లేదు. కరెంటు పోయినా అంతే.

ఆ రోజు నుంచి పని నుంచి రావడం, కాళ్ళు కడుక్కోవడం, టీవీ ముందు కూర్చోవడం. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నేను కూరగాయలు తరుగుతూ ఆ టుక్కు టుక్కు చప్పుడు విని పళ్ళు నూరుకునేదాన్ని. బుడ్డోడు చచ్చినప్పుడు ఒక సన్నాయి ఊదినట్టు చిన్న రాగం వస్తుంది. ఆ రాగం మా వీధి పిల్లలకు కూడా నోటికి వచ్చేసింది.

ఆయన కొండ దగ్గరే చచ్చేవాడు. ఆ రాళ్ళు దాటలేకపోయేవాడు. చావగానే ముఖంలో ఏమీ ఉండదు. విసుక్కోడు, రిమోట్ విసరడు. మళ్ళీ మొదటి గుంత దూకుతాడు. ఒక సాయంత్రం నాకు ఓర్పు నశించింది.

"ఎన్నిసార్లు సస్తావయ్యా అదే తావులో? బుద్ధి ఉండాదా? సిన్నపిల్లోళ్ళు కూడా ఇంతసేపు ఆడరు."

ఆయన ఆట ఆపి నా వైపు చూశాడు. "నువ్వొకతూరి ఆడి సూడు" అన్నాడు.

రెండో రిమోట్ పనిచేయదు, ఆయనదే ఇచ్చాడు. చేతిలో కత్తిపీట వాసన, రిమోట్ మీద ఉల్లిపాయ మరక. మొదటి గుంతలోనే పడ్డాను. రెండో ప్రాణం, అదే గుంత. మూడోది దూకాను, అవతల గబ్బిలానికి తగిలి చచ్చాను. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు గానీ మాట్లాడాడు.

"తొందరపడినావు. గబ్బిలం కిందికొచ్చి మల్లా పైకి పోతాది. అది పైకి పొయ్యేటప్పుడు దూకల్ల."

"దానికేం తెలుసు, నేనొచ్చేది?"

"దానికి తెలీదు. నువ్వొచ్చినా రాకపోయినా అది అట్నే వచ్చి అట్నే పోతాది. మనమే సూసుకోవాల."

కూర మాడిందాకా ఆడాను. నిజం చెబుతున్నాను, రెండో గుంత దాటినప్పుడు నా ఒళ్ళు ఝల్లుమంది. ఫ్యాక్టరీలో నేను బాగా చేసినా, చెడుగా చేసినా ఆ రోజు తిట్టు సూపర్వైజరు ఇంట్లో ఏం జరిగిందన్న దాన్ని బట్టి పడుతుంది. ఇక్కడ అలా లేదు. చస్తే నా తప్పే. ఆ తప్పేదో నాకు కనబడుతుంది. అది దిద్దుకుంటే ముందుకు పోతాను. కఠినంగా ఉంటుంది గానీ మోసం చేయదు. ఇన్నేళ్ళ జీవితంలో నాతో ఇంత నిజాయితీగా నడుచుకున్నది ఇంకేదీ గుర్తు రాలేదు. మాడిన కూర తిన్నాం. ఆయనకు తెలియలేదు, నాకు తెలిసింది.

ఆ తర్వాత అడిగాను, "కొండ తావులో ఏంటికి పోతాండాయి నీ ప్రాణాలు? గబ్బిలం లెక్క తెలిసినోడివి, రాయి లెక్క తెలీదా?"

ఆయన వేళ్ళు ఆగాయి. టీవీలో బుడ్డోడు ఒంటికాలి మీద ఊగుతూ నిలబడి ఉన్నాడు.

"తెలుసు. ఈడ రాయి పడిన తావులోనే పడతాది. మొదుట్నించి వచ్చి సూడు, అదే రాయి, అదే తావు, అదే గడియ. మార్పు లే." రిమోట్ కింద పెట్టి అన్నాడు, "అమలా, ఆ పొద్దు టర్ను నాది."

నాకు అప్పటికే తెలుసు. స్టాండులో అందరికీ తెలుసు. అయినా ఆయన నోటితో అనడం అదే మొదలు. నేను ఏదో ఒకటి చెప్పాలి కదా. ఎవరి రాత ఎట్లుంటే అట్ల జరుగుతుందనో, నీ తప్పేముందనో. లోకమంతా చెప్పే మాటలే నాకూ వచ్చు. నిజానికి ఆ క్షణంలో నాకు అనిపించింది ఒకటే. ఆ రాయి ఈయన టర్నులో పడి ఉంటే ఈ రిమోట్ పట్టుకునే చేయి ఉండేది కాదు, పడకపోవడం నాకు సంతోషం. సిద్ధమ్మక్క ముఖం గుర్తొచ్చి ఆ సంతోషాన్ని మింగేశాను. కొత్తిమీర కట్ట విప్పుకుంటూ వంటింట్లోకి పోయాను.

దసరా సెలవులకు మా కూతురు మహిత హాస్టల్ నుంచి వచ్చింది. ఇంటరు చదువుతోంది. వాళ్ళ నాయన అవస్థ చూసి, ఆ ఆటే ఫోన్‌లో వెతికి పట్టుకుంది. "నాయనా, దీంట్లో సేవ్ చేసుకోవచ్చు. సచ్చిపోతే కొంచెం వెనక్కి తిప్పుకోవచ్చు. ప్రాణాలు ఎన్ని కావాలన్నా ఉండాయి" అని చూపించింది. ఆయన ఫోన్ తీసుకుని, రాయి పడి చచ్చి, వేలితో వెనక్కి జరిపాడు. బుడ్డోడు లేచి నిలబడ్డాడు. రాయి పైకి పోయింది. ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. ఫోన్ కూతురి చేతిలో పెట్టి, "వద్దు పాపా. ఇట్ట కుదరదు" అన్నాడు. దానికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది గానీ దానికి చెప్పే ధైర్యం లేదు.

మహిత వెళ్ళాక, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన కొండ దాటాడు. ఎలా దాటాడో చూశాను. రాయి పడే చోటికి ఒక అడుగు ఇవతల నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ అక్కడ పరుగెత్తేవాడు. లెక్క తెలిసినవాడు ఎందుకు పరుగెత్తేవాడో అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్ళూ కావాలనే ఆ రాయి కిందికి పోయి ఉంటాడు. రాయి పడింది. పగిలింది. బుడ్డోడు దాని మీదుగా నడిచిపోయాడు. నేను చపాతీ పిండి చేతులతో వచ్చి వెనక నిలబడ్డాను. గుహ, వంతెన, కోట. కోట తలుపు తెరుచుకుంది. నల్లటి తెర మీద ఏవో తెల్లటి అక్షరాలు వచ్చాయి. అయిపోయింది. కాసేపటికి బుడ్డోడు మళ్ళీ మొదటి గుంత ముందర నిలబడ్డాడు.

"ఇంతేనా? ఇన్ని సావులు సచ్చింది దీనికా?" అన్నాను. రాజు వచ్చి దండ వేస్తాడేమో అనుకున్నాను మరి.

"ఇంతే" అన్నాడు.

మరుసటి రోజు మళ్ళీ ఆడాడు, ఒక్క ప్రాణం పోకుండా కోట చేరాడు. ఆ తర్వాతి రోజూ అంతే. ఇంక చావడం లేదు. చావకుండా ఆడుతుంటే ఆ చేతుల్లో చప్పదనం కనబడింది. రెండు మూడు రోజులకు పెట్టెలో సర్దేశాడు. పోయేందుకు ఒక చోటు ఉండేది, అదీ పోయింది. ఊరికే కూర్చోవడం మొదలుపెట్టాడు. నాకు భయం వేసింది. ఏడాది దగ్గరపడుతోంది. సూతకం అయిపోతే స్టాండువాళ్ళు రమ్మంటారు. రాకపోతే ఆ స్థానం వేరేవాళ్ళకు పోతుంది, ఆయన ఇంక కొండ ఎక్కడు. కొండ ఎక్కని మునిచంద్ర ఎవరో నాకు తెలియదు. ఆయనకూ తెలియదు.

స్టాండువాళ్ళ కంటే ముందు సిద్ధమ్మక్క వచ్చింది. ఏడాదిలో మనిషి సగమైంది. గడపలోనే నిలబడి ఆయనతో అంది.

"ఆదివారం సంవత్సరీకం. నువ్వు రావల్ల. అది అయినాక కొండకు పోవాలనుకుంటాండా. నీ బండిలోనే పోతాను."

"నేను కొండెక్కడంలే వదినా. సూతకం."

"ఎవురికప్పా సూతకం? ఆయన సొంత తమ్ముడే ఏడాది ఆగలేక మూడోనెల్లో పోయి గుండు కొట్టించుకోనొచ్చినాడు. నీకేం సూతకం? సరే, ఉండాదనే అనుకో. ఆదివారంతో తీరిపోతాది గదా. సోమారం ఏం చెప్తావు?"

సంవత్సరీకానికి పోయాడు. పంక్తిలో చివరన కూర్చుని తిన్నాడు. సోమవారం నేను ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, వాళ్ళతో బండిలో కూర్చున్నాను.

ఎక్కేటప్పుడు బాగానే ఎక్కాడు. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. దర్శనం అయింది. సిద్ధమ్మక్క దేవుడి ముందర కూడా చేతులు జోడించి, కళ్ళు తెరుచుకునే ఉంది. బయటికి వచ్చేసరికి సన్నగా తుంపర. బండి ఎక్కాం. ఆయన ఇంజను వేశాడు. చేయి గేరు మీద పెట్టాడు. అంతే. బండి కదలదు. పక్కన ఆగి ఉన్న బండ్లు ఒక్కొక్కటే దిగిపోతున్నాయి.

"మీరిద్దరూ బస్సులో దిగండి వదినా. నేను నిదానంగా వస్తా" అన్నాడు.

"ఏంటికి?"

"ఆ పొద్దు టర్ను నాది వదినా. అన్న అడిగినాడు, ఇచ్చేసినా."

వెనక నుంచి సిద్ధమ్మక్క గొంతు, కూరగాయల ధర చెబుతున్నట్టు వచ్చింది.

"తెలుసు. స్టాండులో మొదటిరోజే చెప్పినారు. ఆయనకు తొందర ఏంటికో నువ్వు అడిగినావా?"

"లే."

"నేను ఫోన్ చేసినా. మోటరు ఆడలే. తొట్లో సుక్క నీళ్ళు లేవు. ఎప్పుడు సూడు కొండా కొండా అని సస్తావు, ఇంట్లో నీళ్ళుండాయా లేదా నీకు పట్టదు, బిరీన వచ్చి సూడు అని అరిసినా. అదే కడపట మాట." కొంగు భుజం మీదికి లాక్కుంది. "కర్మలయినాక మా తమ్ముడు సూసినాడు. మోటరుకేం కాలేదంట. స్విచ్చి సరిగా పడలేదంతే."

మా ఆయన తల స్టీరింగు మీదికి వాలింది. మొదట ఏదో దగ్గు అనుకున్నాను. ఏడుపు. ఏడాదిగా నేను కాచుక్కూర్చున్న ఏడుపు, హారను మోగేంత గట్టిగా వచ్చింది. పక్క బండిలోని డ్రైవర్లు తొంగి చూశారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు ప్రాణం లేచి వచ్చింది. వీపు మీద చేయి వేశాను.

సిద్ధమ్మక్క వెనక నుంచి ఆయన భుజం తట్టింది.

"ఏడ్సుకో అప్పా. నీకన్నా వచ్చింది. నాకింకా రాలే."

ఆయన తల ఎత్తి, అద్దంలోంచి ఆమెను చూశాడు. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆ పొడితనాన్ని ఈయన ఏడాది పాటు మోసినవాడే, గుర్తుపట్టాడు. చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, "పోదామా వదినా?" అని అడిగాడు.

"నిదానంగా పోనీ" అంది.

ఆయన గేరు వేశాడు.